దోమల మాగాణి

మన పారిశ్రామిక విధానాల్లో ఒక ఘోరమైన అన్యాయం జరుగుతోంది. మందుల కంపెనీ వస్తానంటే రాయితీలు, సాఫ్ట్‌వేర్ కంపెనీ చూస్తానంటే ఎకరాలు, సెమీకండక్టర్ అన్న మాట వినిపిస్తే స్వాగత తోరణాలు. భూసేకరణ అక్కర్లేకుండా, కరెంటు కనెక్షన్ అడక్కుండా, పర్యావరణ అనుమతి ఊసే ఎత్తకుండా, మూడు షిఫ్టులు నడిచే దోమల పరిశ్రమకు మాత్రం ఇంతవరకు ఒక శాలువా కూడా కప్పలేదు. ముడిసరుకు మనదే, వినియోగదారులం మనమే. స్వదేశీ అంటే ఇంకేం కావాలి?

పైగా ఈ రంగంలో హైదరాబాద్‌కు వారసత్వపు హక్కు ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ అనే మిలటరీ డాక్టరు ఎనాఫిలిస్ దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని పట్టుకున్నాడు. 1902లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆగస్టు 20 ప్రపంచ దోమల దినమైంది. ఆ ప్రయోగానికి రక్తమిచ్చిన హుసేన్ ఖాన్ అనే రోగికి కుట్టిన దోమకు ఒక అణా చొప్పున రాస్ లెక్కగట్టి ఇచ్చాడు. పరాయి పాలనలో కుట్టించుకున్నవాడికి కూలి దక్కింది. ఇప్పుడు ఊరంతా ఉచితంగా కుట్టించుకుంటోంది, ఆస్తిపన్ను అదనం.

క్యాలెండర్‌లో ఫిబ్రవరి 2న ఇంకో పండుగ ఉంది, చిత్తడి నేలల దినం. 1971లో ఇరాన్‌లోని రాంసర్ పట్టణంలో కుదిరిన ఒప్పందానికి గుర్తు. ఫిబ్రవరి పండుగను బ్యానర్లతో, ఆగస్టు పండుగను ఆచరణతో జరుపుకోవడం మన ప్రత్యేకత. ఆ ఆచరణ మరింత పకడ్బందీగా సాగాలని కార్పొరేటర్లకు, ఇంజనీర్లకు, స్థలాల వ్యాపారులకు, కాలనీ సంక్షేమ సంఘాలకు ఇక్కడ కొన్ని సూచనలు పొందుపరుస్తున్నాం. అన్నీ మన చెరువుల్లో నిరూపితమైనవే.

ముందుగా ఒక చేదు నిజం దిగమింగాలి. ప్రాణమున్న చెరువు ఈ పరిశ్రమకు పనికిరాదు. 'నీళ్లుంటే దోమలుండవా' అని తేలిగ్గా అనేవాళ్లకు దోమ పడే పాట్లు తెలియవు. దోమ పిల్ల నీళ్లలో బతుకుతుంది గానీ గాలి పీల్చాలంటే పైకి రావాలి. క్యూలెక్స్ పిల్లయితే తోక దగ్గరి గొట్టాన్ని నీటిపైకి ఆనించి తలకిందులుగా వేలాడుతుంది. విశాలమైన చెరువు మీద గాలి వీచి అల లేస్తే ఆ పట్టు తప్పుతుంది. పట్టు నిలిచినా చుట్టూ శత్రువులే. చిత్తపరిగెలు మింగుతాయి, తూనీగ పిల్లలు నీటి అడుగున మాటు వేసి పడతాయి, వెల్లకిలా ఈదే పురుగులు కిందినుంచి వచ్చి పీల్చేస్తాయి. వీటన్నిటినీ తప్పించుకుని రెక్కలొచ్చి ఎగిరితే పైన పెద్ద తూనీగలు, పొద్దు గుంకితే గబ్బిలాలు. గట్టువార గడ్డిలో, తామరాకుల సందుల్లో కొన్ని బతికి బయటపడతాయి, కాదనం. ఆ మాత్రం దిగుబడితో కుటీర పరిశ్రమ నడుస్తుందేమో గానీ మహానగరానికి సరఫరా చేయలేం.

మన పూర్వీకులైతే ఈ పరిశ్రమకు మరీ ద్రోహం చేశారు. కాకతీయుల కాలం నుంచి చెరువులను ఒకదాని కింద ఒకటి గొలుసుకట్టుగా తవ్వించారు. పై చెరువు మత్తడి దుంకితే నీళ్లు కింది చెరువుకు చేరేవి, ఆ నీళ్లతో చేపలూ దిగేవి. నీరటి తూము ఎత్తితే నీటిమట్టం దిగిపోయి గట్టువార గడ్డిలో చేరిన దోమ పిల్లలు ఎండకు మాడేవి. వేసవిలో రైతులు పూడిక మట్టిని బండ్లకెత్తి పొలాలకు తోలుకుపోయేవాళ్లు, దాంతో పిచ్చిమొక్కల వేళ్లు కూడా లేచిపోయేవి. పారడం, నిండడం, దిగడం, ఎండడం. ఇంత అస్థిరమైన వాతావరణంలో ఏ దోమ పెట్టుబడి పెడుతుంది?

అందుకే మొదటి పని, గొలుసు తెంచడం. చెరువు మీద నేరుగా చెయ్యి వేస్తే పేపర్లో పడుతుంది. దానికి నీళ్లు తెచ్చే కాలువ మీద వేస్తే ఎవరికీ పట్టదు. కాలువను ప్లాట్లు చేయండి, మత్తడికి అడ్డంగా గోడ లేపండి. రెండు వానాకాలాలు తిరిగేసరికి చెరువు ముక్కలై మడుగులవుతుంది. పునాదుల కోసం తవ్వి వదిలేసిన గుంతలు, లారీ చక్రాల గాడులు, బర్రెల గిట్టల గుంటలు వాన నీటితో నిండుతాయి. ఇందులో ఉన్న సూక్ష్మం గమనించాలి. వెచ్చని రోజుల్లో గుడ్డు నుంచి ఎగిరే దోమ దాకా వారం పది రోజులు చాలు. తూనీగ పిల్ల పెరగాలంటే నెలలు పట్టొచ్చు, చేప రావాలంటే పారే దారి ఉండాలి. అంటే పదిహేను రోజుల్లో ఎండిపోయే గుంటలోకి శత్రువు చేరేలోపు మన సరుకు మార్కెట్లో ఉంటుంది. చెరువు విస్తీర్ణం తగ్గినకొద్దీ దోమలు తగ్గుతాయనుకునే అమాయకులు ఈ ఒక్క లెక్క నేర్చుకుంటే చాలు.

రెండో పని, మేత. మురుగు గొట్టాన్ని చెరువులోకి తిప్పండి. శుద్ధి కేంద్రం తర్వాత కట్టుకోవచ్చు, ముందు శంకుస్థాపన ఎలాగూ ఉంటుంది. మురుగు చేరిన నీటిలో కుళ్లు పెరిగి ప్రాణవాయువు పడిపోతుంది. చేపలు నోళ్లు తెరుచుకుని తేలతాయి. ఆ రోజు టీవీల వాళ్లు వస్తారు, కంగారు పడొద్దు, మర్నాటికి మరిచిపోతారు. దోమ పిల్లకు మాత్రం నీటిలోని ప్రాణవాయువుతో పెద్దగా పనిలేదు, దాని గొట్టం గాలిలో ఉంది కదా. శత్రువులందరూ ఊపిరాడక చచ్చిన నీటిలో తానొక్కటే హాయిగా కుళ్లు తింటూ పెరుగుతుంది. క్యూలెక్స్ క్విన్‌క్విఫేషియాటస్ అనే నోరు తిరగని పేరున్న దోమకు ఇలాంటి నీళ్లంటే ప్రాణం. ఒక్కో ఆడ దోమ వందకు పైగా గుడ్లను చిన్న తెప్పలా పేర్చి నీటి మీద వదులుతుంది. గోదావరి జిల్లాల్లో తరాల తరబడి బోదకాళ్లను మోసుకొచ్చింది ఈ తల్లే. మూసీ ఒడ్డున సాయంత్రం కిటికీ తెరిచినవారికి ఆవిడను వేరే పరిచయం చేయక్కర్లేదు.

మూడో పని, పచ్చదనం. మురుగులోని నత్రజని, భాస్వరం వృథా పోకుండా గుర్రపుడెక్క చూసుకుంటుంది. ఎక్కడో అమెజాన్ నదీ ప్రాంతంలో పుట్టి, ఊదారంగు పూలు చూసి మురిసినవాళ్ల చలవతో దేశాలు దాటిన మొక్క ఇది. చెరువు మీద చాపలా పరుచుకుంటే అల లేవదు, చేప దూరలేదు, ఎండ దిగదు. దీనికి జతగా అంతరతామర కూడా ఉంటే మాన్సోనియా అనే ప్రత్యేక జాతిని సాగు చేయొచ్చు. దాని తెలివి అమోఘం. ఆకు అడుగున గుడ్లు పెడుతుంది. పిల్ల పైకి రాదు, నీటి మొక్క వేరులోకి గొట్టం గుచ్చి అక్కడి గాలే పీల్చుకుంటుంది. నీటిపైన నూనె పొర పోసి ఊపిరాడకుండా చేద్దామని వచ్చిన సిబ్బంది నూనె పోసి, ఫొటో దిగి వెళ్తారు. అడుగున పిల్లలు తమ పని తాము చేసుకుంటాయి.

గుర్రపుడెక్క తొలగింపు టెండరు ఏటా పిలవండి. తీసిన మొక్కను గట్టు మీదే కుప్ప వేయాలన్న ఆనవాయితీ తప్పొద్దు. గింజలు బురదలో ఏళ్ల తరబడి ప్రాణంతో ఉంటాయి, మురుగు వస్తూనే ఉంటుంది, కాబట్టి వచ్చే ఏడాది టెండరుకు ఢోకా లేదు. ఒకే మొక్క మీద ఇన్ని కుటుంబాలు బతకడం వ్యవసాయంలో కూడా అరుదు.

నాలుగో పని, సుందరీకరణ. చెరువు వార పల్లంగా, రెల్లు, తుంగతో ఉండే శిఖం భూమి చూడ్డానికి బాగుండదు. అక్కడ కొంగలు తిరుగుతాయి, కప్పలు అరుస్తాయి, నీరు మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది. దాని నడుమ గుండ్రంగా మట్టికట్ట పోసి నడకదారి వేయండి. కట్టకు లోపల కొలను మిగులుతుంది, బయట చెరువు భూమి మిగులుతుంది. బయటి నీరు లోపలికి రాదు, లోపలి చేప బయటికి పోదు. కట్ట బయట నిలిచిన నీటిలో మన ఉత్పత్తి, కట్ట మీద నడిచేవాళ్లు మన వినియోగదారులు. తయారీకి, మార్కెట్‌కు మధ్య దూరం పది అడుగులు. రవాణా ఖర్చు ఇంతకన్నా తగ్గించిన పరిశ్రమ దేశంలో లేదు.

చట్టం అడ్డొస్తుందేమోనని భయపడాల్సిన పని లేదు. 2017లో కేంద్రం చిత్తడి నేలల పరిరక్షణ నిబంధనలు తెచ్చింది. తాగునీటి కోసం, సాగునీటి కోసం మనుషులు ప్రత్యేకంగా కట్టుకున్న జలాశయాలు, వరి పొలాలు వాటి నిర్వచనంలోకి రావు. మన చెరువులు ఎందుకు తవ్వారు? సాగుకే. కాబట్టి కాకతీయుల చెరువు ఎంత తడిగా ఉన్నా కాగితం మీద చిత్తడి నేల కాకుండా పోవచ్చు. కొంగలకు ఈ సంగతి తెలియక ఇంకా వచ్చిపోతున్నాయి. ఇక చిత్తడి నేలగా సాక్షాత్తు అంతర్జాతీయ ముద్ర పడిన కొల్లేరు సంగతి చూశాం. 1999లో అభయారణ్యం, 2002లో రాంసర్ జాబితా, 2006లో చేపల చెరువుల గట్లు పేల్చేసిన ఆపరేషన్ కొల్లేరు. ఆ తర్వాత గట్లు మళ్లీ లేచాయి. గౌరవం ఎంత పెద్దదైనా గట్టు ఎత్తు ముందు చిన్నదే.

ఇప్పుడు అతి ముఖ్యమైన ఐదో పని, యుద్ధం. దోమను పెంచుతున్నామన్న అపవాదు రాకుండా దోమ మీద యుద్ధం ప్రకటిస్తూ ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2016లోనే దోమలపై దండయాత్ర జరిగింది. ర్యాలీలు తీశారు, ప్రతిజ్ఞలు చేశారు. దోమలు ప్రతిజ్ఞ చేసినట్టు దాఖలాలు లేవు. 2025లో ఇంకో అడుగు ముందుకేసి, దోమ ఏ జాతి, ఆడదా మగదా, చుట్టుపక్కల ఎన్ని ఉన్నాయి అని కృత్రిమ మేధతో కనిపెట్టే సెన్సర్లు ఆరు నగరాల్లో పెడతామని ప్రకటించారు. మంచిదే. ఎక్కడ ఎక్కువుంటే అక్కడే మందు కొట్టొచ్చు. మురుగు గొట్టం ఎవరిది, కాలువ ఎవరు మింగారు అని కనిపెట్టడానికి అంత మేధ అక్కర్లేదు, రెవెన్యూ నక్ష చాలు. అందుకే కాబోలు వాటిని కనిపెట్టే సెన్సర్‌కు టెండరు పిలవలేదు.

యుద్ధంలో అందరికీ నచ్చే ఘట్టం పొగ బండి. డీజిల్‌లో మందు కలిపి గల్లీలోకి తెల్లటి పొగ వదిలితే పిల్లలు వెనక పరిగెత్తుతారు, పెద్దలు 'ఏదో చేస్తున్నారు' అని తృప్తి పడతారు. ఆ పొగ తగిలి చచ్చేవి అప్పుడు బయట గాలిలో ఉన్న దోమలే. నీటిలో వేలాడే పిల్లలకు, మంచం కింద నక్కిన దోమకు దాని గొడవ లేదు. వారంలో కొత్త బ్యాచ్ వస్తుంది. మధ్యలో ఆ పొగకు తూనీగలు కూడా రాలిపోతే పరిశ్రమకు అది అదనపు ప్రోత్సాహకం. కొత్త తరం వాళ్లు డ్రోన్లు ఎగరేస్తున్నారు. గుర్రపుడెక్క కింద ఉన్న పిల్ల మీద ఆకాశం నుంచి మందు చల్లడంలోని వీరత్వం చెప్పనలవి కాదు.

చేప కావాలా? దానికీ విదేశీ సరుకే. గంబూజియా అమెరికా చేప, 1928లో మన దేశానికి తెచ్చారు. దోమ పిల్లలను తింటుంది, అబద్ధం కాదు. నూతిలో, తొట్టిలో, ఫౌంటెన్‌లో దాన్ని వదిలితే ఫలితం ఉంటుంది. సహజమైన చెరువులో వదిలితే మాత్రం మన చేపల గుడ్లను, పిల్లలను, తోకకప్పలను కూడా లాగించేస్తుంది. ప్రపంచంలోని వంద అత్యంత చెడ్డ చొరబాటు జాతుల జాబితాలో దీని పేరుంది. తరతరాలుగా జీతం బత్తెం లేకుండా అదే పని చేస్తున్న చిత్తపరిగెలను మురుగుతో చంపి, ఆ ఖాళీలో అమెరికా చేపను నియమించడం మన ఉద్యోగ కల్పన విధానానికి తగినట్టే ఉంది.

ఆరో పని ప్రజలదే. డెంగీ వచ్చిందా? చెరువు మీద ఫిర్యాదు రాయండి. కలెక్టరుకు వినతిపత్రం ఇవ్వండి, పూడ్చేయమనండి. డెంగీ తెచ్చే ఏడిస్ ఈజిప్టై చెరువు ముఖం చూడదన్న సంగతి పైకి పొక్కనీయొద్దు. దానికి కావలసింది మన డ్రమ్ము, కూలర్ అడుగు, టెర్రస్ మీది టైరు, మనీప్లాంట్ సాసర్, కొబ్బరి చిప్ప. నీరు ఎండినా దాని గుడ్లు నెలల తరబడి కాచుకుని ఉంటాయి, మళ్లీ తడి తగలగానే లేస్తాయి. పట్నపు మలేరియా దోమ ఎనాఫిలిస్ స్టెఫెన్సైకి ఓవర్‌హెడ్ ట్యాంకు ఇష్టం, మూత లేకపోతే మరీ ఇష్టం. మన్యంలో మలేరియా తెచ్చే ఫ్లూవియాటిలిస్‌కు మురుగు గిట్టదు, మెల్లగా పారే సెలయేటి తేట నీరు కావాలి. మెదడువాపు తెచ్చే క్యూలెక్స్ జాతి వరి మడి నీటిలో పెరుగుతుంది. నీరు ఎప్పుడూ నిలవకుండా ఆరుతడి పెడితే దానికి తిప్పలే. ఒక్కో దోమకు ఒక్కో నీరు, ఒక్కో రుచి. ఇంత పట్టింపు ఉన్న జీవిని పట్టుకుని 'తడి ఉంటే దోమ' అని ఒక్క ముక్కలో తేల్చేయడం వల్ల లాభపడేది ఒక్కరే, పూడ్చిన చెరువు మీద లేఅవుట్ వేసేవాడు. పద్నాలుగో అంతస్తు బాల్కనీలో సాసర్ నిండా నీళ్లు పెట్టుకుని, దూరాన కనిపించే చెరువు వైపు వేలు చూపే పౌరుడు ఆయనకు జీతం తీసుకోని ఏజెంటు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా పరిశ్రమకు ఆందోళన కలిగించే సంఘటనలు అక్కడక్కడా జరుగుతున్నాయి. కేరళలోని చేర్తల ప్రాంతంలో మాన్సోనియా దోమ బోదకాలు పంచుతూ చక్కగా స్థిరపడింది. 1986లో పుదుచ్చేరి వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ వాళ్లు ఆ ఊళ్లలో దిగారు. చెరువులు పూడ్చమనలేదు, పొగ బండ్లు తోలలేదు. కుంటల్లోని అంతరతామర పీకించి కొబ్బరి చెట్లకు ఎరువుగా వేయించారు, తేటబడ్డ నీళ్లలో చేపలు పెంచుకోమన్నారు. జనం చేపలు అమ్ముకుని డబ్బు కళ్లజూశారు, కలుపు మళ్లీ పెరగనీయకుండా తామే కాపలా కాశారు. దోమ నిలువ నీడ పోగొట్టుకుంది. హైదరాబాద్‌లోనూ ఇలాంటి చెడు పోకడలు మొదలయ్యాయి. 2025లో అంబర్‌పేటలో చెత్త కింద పూడుకుపోయిన బతుకమ్మ కుంటను తవ్వితే నీళ్లు ఊరాయి. 2024లో వచ్చిన హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ చెరువుల ఆక్రమణలు కూలుస్తోంది. కూల్చడంతో ఆగి మురుగు గొట్టాన్ని, తెగిన కాలువను అలాగే వదిలేసిన చోటల్లా దోమకు భయం లేదు. ఒకవేళ వాటినీ సరిచేస్తూ పోతే మాత్రం ఈ పరిశ్రమకు తాళం పడుతుంది.

తాళం వేయడం అంత కష్టమూ కాదు. మురుగును శుద్ధి చేశాకే చెరువులోకి వదలాలి. కాలువలు తెరిచి నీరు పారనివ్వాలి. గుర్రపుడెక్కను పూత రాకముందే తీసి చెరువు దాటించాలి. కట్ట కాళ్ల దగ్గర కాకుండా నీరు ఎక్కినంత మేర హద్దు గీయాలి. మన చేపను మన నీళ్లలో బతకనివ్వాలి. ట్యాంకుకు మూత, వారానికోసారి డ్రమ్ము కడగడం ఎవరింట్లో వాళ్ల పని. ఇందులో కొత్త యంత్రం లేదు, విదేశీ చేప లేదు, ప్రారంభోత్సవానికి రిబ్బను కట్టే చోటు కూడా లేదు. అందుకే ఏ బడ్జెట్‌లోనూ దీనికి ముందు వరుసలో కుర్చీ దొరకదు. దోమల మందు కొనుగోలు ఫైలు ఒక శాఖలో, మురుగు గొట్టం ఫైలు ఇంకో శాఖలో, చెరువు హద్దుల ఫైలు మూడో శాఖలో ఉన్నంత కాలం మన ఉత్పత్తికి లోటు రాదు. ఈ మూడు ఫైళ్లూ ఒకే బల్ల మీద కలిసిన రోజు దోమకు గండం.

ఆ రోజు దగ్గర్లో లేదు కాబట్టి అందాకా మన పద్ధతి మనది. చెరువు పూడ్చిన చోట ప్లాటు కొనుక్కుంటాం, మురుగు దానిలోకే వదులుతాం, ఓటడగొచ్చిన నాయకుడిని పొగ బండి పంపమంటాం. రాత్రి దోమ వాలగానే మన చెంప మనమే ఫెడీమని వాయించుకుంటాం. దోమ ఎప్పుడూ తప్పించుకునే పోతుంది. దెబ్బ మాత్రం చాలాసార్లు పడాల్సిన చెంప మీదే పడుతోంది.